మండువా ఇల్లు తెలిసినవాళ్లకి యూరప్ మఠం కొత్త కాదు

మీరడిగింది ఇదీ: అక్టోబర్‌లో అమ్మానాన్నలతో 15 రోజుల యూరప్ ప్రయాణం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, రోమ్‌లో తిరుగు విమానం ఎక్కుతారు. ప్యాకేజీ టూర్ వద్దు, పాత మఠాలూ వాటి లోపలి ముంగిళ్లూ తీరిగ్గా చూడాలి. నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. మనం క్రైస్తవులం కాదు కదా, లోపలికి రానిస్తారా, చూస్తే అర్థమవుతుందా అని టెన్షన్. కింద 23 పేర్లతో ఒక లిస్టు కూడా పెట్టారు.

ముందు ఆ లిస్టులో 18 కొట్టేయండి.

కోపం తెచ్చుకోకండి. నేను స్టుట్‌గార్ట్ దగ్గర 14 ఏళ్లుగా ఉంటున్నాను. వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే రోజుకి మూడు చొప్పున చుట్టేశాను. నాలుగో రోజు రాత్రి ఫోన్లో ఫొటోలు చూసుకుంటే అన్నీ ఒకేలాంటి ఆర్చీలు, ఒకేలాంటి స్తంభాలు. ఏది ఏ ఊళ్లోదో చెప్పలేకపోయాను. ఒక్క మఠాన్ని నిదానంగా చదవడం నేర్చుకుంటే మిగతావన్నీ వాటంతటవే తెలుస్తాయని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. చదవడం అని ఊరికే అనలేదు. వీటి ప్లాను దాదాపు ప్రతిచోటా ఒకటే.

ఆ ప్లాను నాకు తెలియజెప్పింది మా అమ్మ. ఆవిడ పుట్టిల్లు కోనసీమలో మండువా లోగిలి. మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు మౌల్‌బ్రోన్ మఠానికి తీసుకెళ్లాను. చర్చి చూసినంతసేపూ మొహమాటంగా నా వెనకే నడిచింది. పక్క తలుపు దాటి లోపలి ముంగిట్లోకి అడుగు పెట్టగానే ఆగిపోయింది. మధ్యలో ఆకాశం కనపడే చదరపు జాగా, నాలుగు వైపులా కప్పు దిగిన వసారా, వసారాలోంచి గదుల్లోకి తలుపులు. "ఇది మన మండువానే కదరా. వాన నీళ్లు ఎటు పోతాయి?" అంది. నాకు తెలియదు. అన్నిసార్లు వెళ్లినా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఆ రోజు మొదలు ఏ మఠానికి వెళ్లినా ముందు నీళ్లు ఎటు నుంచి వస్తాయో, ఎటు పోతాయో చూస్తాను. సగం కథ అక్కడే దొరుకుతుంది.

సరే, ప్లాను చెప్తాను. నాన్నగారికి ఇది చదివి వినిపించండి, మాస్టారు కాబట్టి ఇష్టపడతారు.

ఒక వైపు చర్చి. దాని గోడకి ఆనుకుని చదరపు ముంగిలి, చుట్టూ వసారా. దీన్ని ఇంగ్లీషులో క్లాయిస్టర్ అంటారు, జర్మన్‌లో క్రాయిట్స్‌గాంగ్, ఇటాలియన్‌లో క్యోస్ట్రో. బోర్డుల మీద ఈ మాటలే వెతుక్కోండి. తూర్పు వైపు వసారాలో సభామందిరం ఉంటుంది. సన్యాసులు రోజూ అక్కడ చేరి తమ నియమావళిలోంచి ఒక అధ్యాయం చదువుకునేవాళ్లు, అందుకే దానికి చాప్టర్ హౌస్ అని పేరు. తప్పు చేసినవాడు ఒప్పుకోవడమూ, ఆ రోజు పనుల పంపకమూ అక్కడే. దాని పై అంతస్తులో పడక హాలు. అర్ధరాత్రి ప్రార్థనకి లేచి చలిలో బయట తిరగకుండా, పడక హాల్లోంచి చర్చిలోకి నేరుగా మెట్లు దిగేవి. చర్చికి ఎదురు వైపు భోజనశాల. భోజనశాల తలుపుకి ఎదురుగా నీళ్ల తొట్టి లేదా ఫౌంటెన్, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాలి కాబట్టి. పడమర వైపు సరుకుల కొట్లు. భోజనం వేళ ఎవరూ మాట్లాడకూడదు, ఒకరు గోడలోని చిన్న వేదిక ఎక్కి పైకి చదువుతుంటే మిగతావాళ్లు వింటూ తినాలి. ఆ వేదికకి ఎక్కే మెట్లు కనిపిస్తే అది భోజనశాలేనని వేరే బోర్డు చూడక్కర్లేదు.

ముంగిలి మామూలుగా చర్చికి దక్షిణాన ఉంటుంది. ఎండ తగలాలి, చర్చి నీడ పడకూడదు. చలి దేశం కదా. మనం మండువాలో ఎండ నుంచి తప్పించుకుంటాం, వాళ్లు ఎండ కోసం కట్టుకున్నారు. ఉత్తరాన ఉందంటే దానికేదో కారణం ఉండి తీరాలి, చాలాసార్లు ఆ కారణం నీళ్లే.

మౌల్‌బ్రోన్‌లో అది ఉత్తరాన్నే ఉంది. మీరు ఎలాగూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతున్నారు కాబట్టి మొదటి మఠం ఇదే పెట్టుకోండి. స్టుట్‌గార్ట్ నుంచి రైల్లో మ్యూలాకర్ దాకా వచ్చి అక్కడ బస్సెక్కాలి. 1147లో సిస్టర్షియన్ శాఖ సన్యాసులు కట్టడం మొదలుపెట్టిన మఠం ఇది, చర్చి 1178లో పూర్తయింది. ఆల్ప్స్‌కి ఉత్తరాన ఇంత చెక్కుచెదరకుండా మిగిలిన మధ్యయుగపు మఠం ఇంకొకటి లేదంటారు, 1993లో యునెస్కో జాబితాలో చేరింది. చుట్టూ ప్రహరీ గోడ, లోపల మిల్లు, పశువుల కొట్టాలు, కమ్మరి కొలిమి, గాదెలు. మఠం అంటే ప్రార్థన మందిరం ఒక్కటే అనుకుంటాం. నిజానికి అదొక ఊరు. కొండ వాగుల్ని కాలవలు తవ్వి మళ్లించి, చెరువులు కట్టి చేపలు పెంచి, మిల్లు తిప్పి, మిగిలిన నీళ్లతో మురుగు తోసేశారు. యునెస్కో గుర్తింపులో ఈ నీటి పనులు కూడా ఉన్నాయి. అమ్మ ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది.

సిస్టర్షియన్లు ఆడంబరం పడనివాళ్లు. రంగు అద్దాలు వద్దు, పెద్ద గోపురాలు వద్దు, కప్పు మీద చిన్న గంట గూడు చాలు. అందుకే లోపల అలంకారం కన్నా రాయి పనితనమే కనిపిస్తుంది. భోజనశాలలో నడిమి వరస స్తంభాలు చూడండి, ఒకటి లావు, ఒకటి సన్నం, మళ్లీ లావు. దాని ఎదురుగా ముంగిట్లోకి పొడుచుకొచ్చిన ఫౌంటెన్ మండపం, ఒకదాని మీద ఒకటిగా మూడు పళ్లేలు. ఆ మండపం కప్పు లోపలి వైపు ఒక గాడిద బొమ్మ ఉంటుంది, మెడ నొప్పి పుట్టినా వెతకండి. సామాన్లు మోస్తున్న కంచర గాడిద దాహమేసి ఒక ఊట దగ్గర ఆగిందట, అదే మఠానికి చోటని తీర్మానించారట. కథే అనుకోండి, కానీ ఊరి పేరులోని 'మౌల్' ఆ గాడిదేనని, 'బ్రోన్' ఆ ఊటేనని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఇంకో గది వదలకండి, వెచ్చగది. అంత పెద్ద మఠంలో సన్యాసులు చలి కాచుకోవడానికి ఉన్నది అదొక్కటే. కింద మంట వేస్తే నేలలోని కన్నాల్లోంచి వేడిగాలి పైకి వచ్చేది. అక్టోబర్ చివరి వారంలో ఆ రాతి వసారాల్లో ఓ గంట తిరిగి, తర్వాత ఆ గదిలో నిలబడితే వాళ్ల చలికాలం ఎలా ఉండేదో ఒళ్లు చెబుతుంది. రాతి నేల చల్లదనం బూట్లలోంచి పైకి పాకుతుంది, అమ్మగారికి మందపాటి ఉన్ని సాక్సులు రెండు జతలు పెట్టండి. మోకాళ్ల నొప్పికి మెట్ల కన్నా ఆ చలే ఎక్కువ ఇబ్బంది.

కాథలిక్కుల నుంచి ప్రొటెస్టెంట్లు విడిపోయిన మతసంస్కరణ వచ్చాక, 1556లో ఇది ప్రొటెస్టెంట్ బడిగా మారింది. గ్రహాల కక్ష్యల నియమాలు కనిపెట్టిన కెప్లర్ 1580ల్లో ఇక్కడ చదువుకున్నాడు. నోబెల్ అందుకున్న రచయిత హెర్మన్ హెస్సె 1891లో చేరి, ఆరు నెలలకే పారిపోయాడు. బడి ఇప్పటికీ నడుస్తోంది. అందుకే కొన్ని తలుపులకి తాళాలుంటాయి, సాయంత్రాలు పిల్లలు పుస్తకాలు పట్టుకుని మీ పక్కనుంచే వెళ్తారు. నాకు ఈ మఠంలో బాగా నచ్చేది అదే.

తాళం వేసిన తలుపుల సంగతి వచ్చింది కాబట్టి మర్యాదల గురించి కూడా చెప్పేస్తాను. రానిస్తారు. ఏ మతమని ఎవరూ అడగరు. చీర, చుడీదార్ నిక్షేపంగా సరిపోతాయి, భుజాలు, మోకాళ్లు కప్పుకుంటే చాలు. మనవాళ్లు పొరపాటు పడేది ఇంకో చోట. మగవాళ్లు చర్చిలో తల మీద ఏమీ ఉంచుకోకూడదు. నాన్నగారు మంకీ క్యాప్ పెట్టుకునే రకమైతే గుమ్మంలోనే తీయించండి. ప్రార్థన జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చోండి, నడుస్తూ ఫొటోలు తీయకండి. అందరూ లేచి ప్రసాదం లాంటిది తీసుకోవడానికి వరసలో వెళ్తారు. అది బాప్తిస్మం పొందినవాళ్లకే, మీరు కూర్చునే ఉండండి. ఎవరూ ఏమీ అనుకోరు. అమ్మగారు చేతులు జోడించి దణ్ణం పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు.

సన్యాసులు ఇంకా ఉంటున్న మఠాల్లో ఒక మాట గుర్తుంచుకోండి. జర్మన్‌లో క్లౌజూర్, ఇటలీలో క్లౌజూరా అని తలుపు మీద రాసి ఉంటే అది వాళ్ల ఇల్లు, బయటివాళ్లకి ప్రవేశం లేదు. నేను భాష సరిగ్గా రాని రోజుల్లో ఒక చిన్న మఠంలో ఆ బోర్డుని టాయిలెట్ బోర్డనుకుని తలుపు తోశాను. అటువైపు ఒక ముసలి సన్యాసి సూప్ గిన్నె పట్టుకుని వస్తున్నారు. ఇద్దరం కంగారుపడ్డాం, ఆయన సూప్ ఒలికింది. తిట్టలేదు, నవ్వుతూ భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాకా వచ్చి దిగబెట్టారు. టాయిలెట్ ఎక్కడో కూడా చూపించారు. నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గే.

ఇక రెండోది, సెయింట్ గాలెన్. మనవాళ్లు స్విట్జర్లాండ్ అనగానే మంచు కొండలకే పోతారు. జ్యూరిక్ నుంచి రైల్లో గంట ప్రయాణం ఇది. 612 ప్రాంతంలో గాలస్ అనే ఐర్లండ్ సన్యాసి అక్కడ ఒక అడవి గుడిసె వేసుకున్నాడు, 719లో ఓట్మర్ అక్కడే మఠం స్థాపించాడు. 1805లో మఠాన్ని రద్దు చేశారు కానీ గ్రంథాలయం మిగిలింది. సుమారు 2,100 రాతప్రతులున్నాయి. 18వ శతాబ్దంలో కట్టిన ఆ చెక్క హాలు చూస్తే మాస్టారికి మాట రాదు. గుమ్మం పైన గ్రీకులో 'ఆత్మకి వైద్యశాల' అనే అర్థం వచ్చే మాట చెక్కి ఉంటుంది. అక్కడ మా అమ్మ అలవాటుగా చెప్పులు విప్పబోయింది. కౌంటర్ ఆవిడ కంగారుగా "వద్దు వద్దు" అని, బూట్ల మీదే తొడుక్కోవడానికి పేద్ద ఉన్ని చెప్పులిచ్చింది. పాత చెక్క నేల గీసుకుపోకుండా అందరూ అవి వేసుకుని జారుకుంటూ తిరగాలి. గుడికెళ్తే చెప్పులు విప్పుతాం, ఇక్కడ ఇంకో జత వేస్తారేంట్రా అని అమ్మ ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ చెప్పింది. నేల జారుడుగా ఉంటుంది, అమ్మగారి చెయ్యి వదలకండి. పుస్తకాల మధ్య 2,600 ఏళ్ల కిందటి ఈజిప్ట్ మమ్మీ కూడా ఉంటుంది. ఆవిడ ఒక పూజారి కూతురు, పేరు షెపెనెసె. పుస్తకాలయంలో ఆవిణ్ణి అలా ఉంచడం నాకు నచ్చదు.

నేను మిమ్మల్ని అక్కడికి పంపేది హాలు కోసమే కాదు, ఒక పటం కోసం. పైన చెప్పిన మఠం ప్లానుకి యూరప్‌లో మిగిలిన అతి పాత బొమ్మ ఈ ఊళ్లోనే ఉంది. 9వ శతాబ్దం మొదట్లో, దగ్గర్లోని రైహెనౌ మఠంలో గీశారు. ఐదు తోలు ముక్కలు కలిపి కుట్టి, ఎర్ర సిరాతో గోడలు గీసి, ఏ గది ఏమిటో లాటిన్‌లో రాశారు. చర్చి, పక్కన చదరపు ముంగిలి, చుట్టూ గదులు ఉంటాయి కదా, ఇంకా చూడండి: రొట్టెల పొయ్యి, బీరు కాచే చోటు, కోళ్ల గూడు, బాతుల గూడు, రోగుల వార్డు, వైద్యుడి ఇల్లు, రక్తం తీసే గది, ఔషధ మొక్కల మడులు. శ్మశానంలో సమాధుల మధ్య పళ్ల చెట్లు, ఏ చెట్టు ఎక్కడో పేర్లతో సహా. ఆ మఠం అచ్చంగా అలాగే ఎక్కడా కట్టలేదు. ఇలా ఉంటే బాగుంటుందన్న ఊహ అది. ఆ పటం ఎలా మిగిలిందో తెలుసా? 12వ శతాబ్దంలో ఎవరో సన్యాసి దాని వెనక వైపు ఖాళీగా ఉందని ఒక సాధువు జీవితచరిత్ర రాసుకుని, పుస్తకంలా మడిచి అలమరలో పెట్టాడు. కథ ముగింపుకి చోటు చాలక బొమ్మలో ఒక మూల ఉన్న భవనాన్ని గీకేసి మరీ రాశాడు. మన ఇళ్లలో పాత పెళ్లి శుభలేఖ వెనక చాకలి పద్దు రాసుకున్నట్టు. ఆ పద్దు వల్లే శుభలేఖ బతికింది.

మూడో మజిలీ ఫ్లోరెన్స్. మూడు రాత్రులైనా ఉండండి. ఇక్కడ ఒక తేడా చెప్పాలి. మౌల్‌బ్రోన్ సన్యాసులు ఊరికి దూరంగా లోయల్లో ఉండి, ఆ గోడలు దాటేవాళ్లు కాదు. డొమినికన్, ఫ్రాన్సిస్కన్ శాఖలవాళ్లు అలా కాదు, ఊరి నడిబొడ్డున ఉండి, బోధిస్తూ భిక్ష మీద బతికేవాళ్లు. అందుకే ఇక్కడ వాళ్ల మఠాలు బజారు గోడకి ఆనుకుని ఉంటాయి. బయట స్కూటర్ల రొద, గుమ్మం దాటగానే నిశ్శబ్దం.

డొమినికన్ల మఠం శాన్ మార్కోకి పొద్దున్నే వెళ్లండి, చాలా రోజుల్లో మధ్యాహ్నం రెండు లోపే మూసేస్తారు. 1437 నుంచి ఊళ్లో పెద్ద ధనవంతుడైన కోసిమో డి మెడిచి డబ్బుతో మికెలోత్సో అనే స్థపతి తిరగ్గట్టాడు, అక్కడే సన్యాసిగా ఉన్న ఫ్రా ఆంజెలికో బొమ్మలు వేశాడు. మెట్లెక్కగానే ఎదురుగా పెద్ద బొమ్మ, యేసు పుట్టబోతున్నాడని దేవదూత మేరీమాతకి కబురు చెప్తుంటాడు. మెట్లున్నాయి, అమ్మగారు నిదానంగా ఎక్కాలి, కానీ ఇక్కడ మాత్రం ఎక్కించండి. పైన వరసగా చిన్న గదులు. ఒక్కో గదికి ఒక కిటికీ, ఒక బొమ్మ, అంతే. ఆ గదిలో ఉండే మనిషి జీవితమంతా ఆ ఒక్క బొమ్మనే చూస్తూ ధ్యానం చేసుకోవాలి కాబట్టి రంగులు కూడా పొదుపుగా వాడాడు. ఏదో ఒక గది ముందు ఐదు నిమిషాలు ఆగండి, 40కి పైగా ఉన్న గదులన్నీ తలో సెకను చూడటం కన్నా అది మేలు. చివర్లో కోసిమో తన కోసం ఉంచుకున్న గది ఉంటుంది, ఆయనకి మాత్రం రెండు గదులు. డబ్బు పెట్టినవాడికి ఆపాటి సౌకర్యం ఉండొద్దా! ఇంకో కొసన ఈ మఠానికి పెద్దగా ఉన్న సవోనరోలా గదులు. ఊరంతటినీ తన బోధలతో ఊపేసి, 1498లో అదే ఊరి పెద్ద కూడలిలో ఉరి, ఆపై మంట పాలయ్యాడు.

అక్కడికి నాలుగడుగుల్లో సాంత్ అపొలోనియా అనే సన్యాసినుల మఠం భోజనశాల ఉంది. గోడంతా ఆండ్రియా దెల్ కస్తాన్యో 1447లో వేసిన యేసు చివరి విందు. అందరూ బల్లకి అవతల, యేసుని పట్టించిన యూదా ఒక్కడే మన వైపు. సన్యాసినులు బయటివాళ్లని రానివ్వరు కాబట్టి 19వ శతాబ్దంలో మఠం మూతపడేదాకా ఆ బొమ్మ సంగతి లోకానికి తెలియదు. జనం ఉండరు, పావుగంటలో చూసేయొచ్చు.

మీ లిస్టులో లేనిదీ, నేను తప్పక చేర్చమనేదీ ఒకటుంది. ఇన్నొచెంతీ. మఠం కాదు, అనాథ శిశువుల కోసం పట్టు వర్తకుల సంఘం కట్టించిన ఆశ్రమం. బ్రునెల్లెస్కీ 1419లో మొదలుపెట్టాడు. బయట సన్నని స్తంభాల వరండా, ఆర్చీల మధ్య నీలం పళ్లేల్లో పొత్తిళ్లలో చుట్టిన మట్టి పసిపాపలు. లోపల రెండు ముంగిళ్లు, మగవాళ్లది ఒకటి, ఆడవాళ్లది ఒకటి. ఆడవాళ్ల ముంగిలి పొడుగ్గా, ఇరుగ్గా, పూచికపుల్లల్లాంటి స్తంభాలతో ఉంటుంది. యూరప్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముంగిలి అదే, ఎందుకంటే చెప్పలేను. మొదటి పాపని 1445 ఫిబ్రవరి 5న వదిలి వెళ్లారు. ఆ రోజు సెయింట్ అగాతా పండగ, పాపకి అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. ఇక్కడ పెరిగిన పిల్లల్లో చాలామందికి ఇన్నొచెంతీ అన్నదే ఇంటిపేరు అయింది. ఇటలీలో ఆ ఇంటిపేరు ఇప్పటికీ వినిపిస్తుంది.

కింద మ్యూజియంలో చిన్న చిన్న సొరుగులు వరసగా ఉంటాయి. ఒక్కోటీ లాగి చూడొచ్చు. ఒకదాంట్లో సగానికి విరిచిన నాణెం, ఒకదాంట్లో సగం పతకం, ఒకదాంట్లో పూస, ఒకదాంట్లో గుడ్డ పీలిక. బిడ్డని వదిలే తల్లి సగం ముక్క పాప మెడలో కట్టి, సగం తన దగ్గర ఉంచుకునేది. ఎప్పటికైనా పరిస్థితి బాగుపడి తిరిగొస్తే, రెండు ముక్కలూ కలిపి తన బిడ్డేనని చూపించుకోవచ్చని. సొరుగుల్లో ఇప్పుడు ఉన్నవన్నీ పాప వైపు ముక్కలు. మా అమ్మ నాలుగు సొరుగులు లాగి, ఐదోది లాగలేదు. బయటికొచ్చి వరండా మెట్ల మీద కూర్చుంది. ఆ రోజుకి ఇంకేమీ చూడలేదు మేము. మీరూ దీన్ని రోజులో చివర పెట్టుకోండి.

ఒక సాయంత్రం కొండ మీది శాన్ మినియాతో చర్చికి వెళ్లండి. బస్సు ఉంది కానీ చివర్లో కొన్ని మెట్లు తప్పవు. అక్కడి ఒలివెటన్ శాఖ సన్యాసులు సాయంత్రం ప్రార్థన పాతకాలపు గ్రెగోరియన్ బాణీలో పాడతారు. వాయిద్యాలుండవు. పది మంది గొంతులు ఒకే స్వరంలో. మన వేదపఠనం విన్న చెవులకి అది ఎక్కడో తగులుతుంది. టికెట్ లేదు. వేళలు కాలాన్ని బట్టి మారతాయి, ఆ రోజు గుమ్మం దగ్గర కాగితం చూసుకోండి.

రోమ్‌లో తిరుగు ప్రయాణం ముందు రోజు కొలోసియం చూశాక, దగ్గర్లోని సాంతీ క్వాత్రో కొరొనాతీకి నడవండి. బయటికి కోటలా ఉంటుంది. చర్చిలో ఎడమ వైపు తలుపు గంట కొడితే లోపలి ముంగిలి చూపిస్తారు. 13వ శతాబ్దపు జంట స్తంభాలు, నడుమ చిన్న నీళ్ల తొట్టి. ఇప్పటికీ సన్యాసినులు ఉంటున్న చోటు, గుసగుసగానే మాట్లాడుకోండి. చేతిలో చిల్లర నాణేలుంచుకోండి, విరాళం పెట్టెకి, బొమ్మల ముందు లైటు వెలిగించే మెషీన్లకి ఇటలీ చర్చిల్లో ఎక్కడైనా అవసరమే.

మీ లిస్టులో బెల్జియంలోని బ్రూజ్ ఉంది. అది మీ దారికి పూర్తిగా అడ్డం. ఈసారి వదిలేయమంటాను, మనసొప్పకపోతే మాత్రం ఒక సంగతి తెలుసుకుని వెళ్లండి. అక్కడి బెగైన్‌హోఫ్ మఠం కాదు. బెగైన్లు సన్యాసినుల్లా జీవితాంతం ఉంటామని ప్రమాణం చేసినవాళ్లు కాదు. ఒంటరి ఆడవాళ్లు, విధవలు చేరి, ఉన్ని వడికి, లేసు అల్లి, బట్టలుతికి తమ సంపాదన మీద తాము బతికారు. సొంత ఆస్తి ఉండొచ్చు, కావాలంటే వెళ్లిపోయి పెళ్లి చేసుకోవచ్చు. 13వ శతాబ్దంలో ఆడవాళ్లకి అది చిన్న విషయం కాదు. పెద్ద పచ్చిక, చెట్లు, చుట్టూ తెల్లని ఇళ్లు. 1245లో మొదలైన చోటు అది, 1927 నుంచి బెనెడిక్టైన్ సన్యాసినులు ఉంటున్నారు. బెల్జియంలోనే లూవెన్ ఊళ్లో ఇలాంటిదే ఇంకా పెద్దది ఉంది, 1960ల్లో విశ్వవిద్యాలయం కొని బాగుచేసింది. ఇప్పుడు అందులో విద్యార్థులు, బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్లు అద్దెకుంటారు.

బస గురించి కూడా అడిగారు. ఇటలీలో, జర్మనీలో చాలా మఠాలు అతిథి గదులిస్తాయి. శుభ్రంగా ఉంటాయి, నిశ్శబ్దంగా ఉంటాయి, హోటల్ కన్నా తరచూ చవక. కానీ అమ్మానాన్నలతో వెళ్లేటప్పుడు మూడు అడిగి తెలుసుకోండి: లిఫ్ట్ ఉందా, బాత్రూమ్ గదిలోనే ఉందా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు. పదిన్నరకి, పదకొండుకి తాళం వేసేవి బోలెడు. నేనొకసారి పది నిమిషాలు ఆలస్యమై బెల్లు కొడితే నైట్ గౌనులో వచ్చిన సిస్టర్ చూసిన చూపు మా స్కూలు హెడ్‌మాస్టర్ని గుర్తు చేసింది. చాలావాటికి నేరుగా ఈమెయిల్ రాయాలి, వాళ్ల భాషలో నాలుగు ముక్కలు రాస్తే జవాబు త్వరగా వస్తుంది. అన్ని రోజులూ వద్దు, రెండు రాత్రులు చాలు.

తిండికి ఇటలీలో ఇబ్బంది లేదు, సూప్ ఒక్కటే మాంసం నీళ్లతో చేశారేమో అడగండి. మౌల్‌బ్రోన్ వైపు మౌల్‌టాషెన్ అనే పెద్ద పిండి పొట్లాలు పెడతారు. ఉపవాసాల్లో మాంసం మానాల్సిన సన్యాసులు దేవుడి కంట పడకుండా పిండిలో చుట్టి తిన్నారని కథ. కాబట్టి లోపల మాంసం ఉంటుందన్నమాట. మెనూలో శాకాహారం రకం వేరే ఉంటుంది, "ఓనె ఫ్లైష్" అని అడగండి. ఆవకాయ తెచ్చుకుంటే చెక్-ఇన్ బ్యాగులోనే, రెండు కవర్లు చుట్టి.

ఇంకోటి మర్చిపోయాను. ఎక్కడ వసారా కనిపించినా గోడ వెంట రాతి బెంచీల మీద చెయ్యి పెట్టి తడిమి చూడండి. ఇంగ్లండ్‌లో కాంటర్‌బరీ, సాల్స్‌బరీ చర్చిల వసారా బెంచీల మీద మన దాడి ఆట గళ్లు గీసి ఉంటాయి. చదరం లోపల చదరం, మధ్యలో కలిపే గీతలు, అచ్చం మనదే. హంపీ మండపాల రాళ్ల మీద చూసిందే అక్కడా చూశాను. ప్రార్థనకీ ప్రార్థనకీ మధ్య ఎవరో కూర్చుని ఆడుకున్నారు. మీ దారిలో ఇంగ్లండ్ లేదు, అయినా అమ్మగారికి చెప్పండి, దాడి వచ్చినవాళ్ల కళ్లు వేరే. ఎక్కడైనా దొరికితే నాకు ఫొటో పంపండి.

వీసా తేదీలు ఖరారయ్యాక వారాలతో సహా ఇక్కడ పెట్టండి. మ్యూజియాలకి ఒక్కో ఊళ్లో ఒక్కో రోజు సెలవు, ఎక్కువగా సోమవారం. మీ సోమవారాలు రైలు ప్రయాణం మీద పడేలా సర్ది ఇస్తాను. అక్టోబర్ చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుగుతుంది, ఆ రోజు రైలుంటే ముందే చెప్పండి.